మెరిటోరియస్: ఒక మెప్పు మాట వెనక ఉన్న తీర్పులు

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఈరోజు ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట చరిత్ర చెప్పుకుందాం. ఆ మాట ‘మెరిటోరియస్’.

ఇది మీకు కొత్తేం కాదు. స్కాలర్‌షిప్ నోటిఫికేషన్లలో ఉంటుంది. ఆగస్టు 15కి, జనవరి 26కి పోలీసులకి ప్రకటించే పతకాల్లో ‘మెరిటోరియస్ సర్వీస్’ మెడల్ ఉంటుంది. కోర్టు తీర్పుల్లో ఉంటుంది. రిజల్ట్స్ వచ్చిన మర్నాడు కాలేజీ గేటు మీద కట్టే ఫ్లెక్సీలో ఫొటోల కింద ఉంటుంది. డిక్షనరీ తెరిస్తే అర్థం కూడా ఈజీనే. మెచ్చుకోదగిన, బహుమతికి తగిన. అంతే.

కానీ ఈ మాట ఒక కాలంలో స్వర్గానికి ఎవరు వెళ్తారు అనే గొడవలో నలిగింది. ఇంకో కాలంలో ఎవరు బానిసగా చచ్చిపోవాలి, ఎవరు బయటపడాలి అన్నది తేల్చింది. ఇవాళ మన దగ్గర సీటు ఎవరిది, ఉద్యోగం ఎవరిది అనే వాదనలన్నిటి మధ్యలో నిలబడి ఉంది. అందుకే దీని కథ తెలుసుకోవాలి.

ముందు అర్థం సంగతి తేల్చేద్దాం. మెచ్చుకోదగినది అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో చాలా మాటలున్నాయి. ‘అడ్మిరబుల్’ అంటే చూడగానే మనసులో గౌరవం పుట్టేది. ‘కమెండబుల్’ అంటే నలుగురిలో మెచ్చుకోవాల్సినది. ‘లాడబుల్’ కూడా పొగడదగినదే, కాకపోతే దాన్ని ఎక్కువగా ఉద్దేశాలకి వాడతారు. మీ బాస్ ‘మీ ఐడియా లాడబుల్’ అని మొదలుపెట్టాడంటే వెనకాలే ఒక ‘కానీ’ వస్తోందని ఫిక్స్ అయిపోండి.

‘మెరిటోరియస్’ వీటన్నిటికన్నా బరువైనది, ఆఫీసు కాగితాల భాష. మిగతావాటికి లేనిది దీనికి ఒకటుంది. ఇందులో మెప్పుతో పాటు లెక్క కూడా ఉంది. నువ్వు ఇంత చేశావు, కాబట్టి నీకు ఇంత రావాలి అనే లెక్క అన్నమాట. ఒక పని అడ్మిరబుల్ అంటే చప్పట్లు కొట్టి వెళ్లిపోవచ్చు. మెరిటోరియస్ అంటే మాత్రం దానికి ప్రతిఫలం బాకీ ఉన్నట్టు. కోర్టు భాషలో అయితే పొగడ్త అసలే లేదు. ఒక కేసు మెరిటోరియస్ అంటే ఆ వాదనలో పస ఉంది, విని తీర్పు చెప్పాల్సినంత విషయం ఉంది అని మాత్రమే.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? లాటిన్ నుంచి. లాటిన్‌లో ‘మెరేరే’ అంటే సంపాదించడం. కూలి సంపాదించడం, జీతం సంపాదించడం. రోమ్ సైనికుడు సైన్యంలో పనిచేస్తున్నాడు అని చెప్పడానికి కూడా ఈ క్రియనే వాడేవాళ్లు, అంటే జీతం సంపాదిస్తున్నాడు అని. సర్వీసు పూర్తి చేసుకున్నవాడు ‘ఎమెరిటస్’. ఇవాళ రిటైరైన ప్రొఫెసర్ పేరు పక్కన మనం పెట్టే ఎమెరిటస్ అదే.

మరి ‘మెరిటోరియస్’ లాటిన్ రూపానికి అసలు అర్థం ఏంటో తెలుసా? అద్దెకిచ్చేది, డబ్బు తెచ్చిపెట్టేది. అద్దె గదుల్ని ఆ మాటతోనే పిలిచేవాళ్లు. అదే ధాతువు నుంచి వేశ్యకి ‘మెరెట్రిక్స్’ అనే పేరొచ్చింది. పైకి తళుకు, లోపల డొల్ల అనే అర్థంలో ఇంగ్లిష్‌లో వాడే ‘మెరెట్రిషస్’ దీని చెల్లెలే. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరిలో ఒకరు గౌరవానికి గుర్తయ్యారు, ఇంకొకరు తిట్టయిపోయారు. పుట్టినప్పుడు మాత్రం ఇద్దరి అర్థం ఒకటే: ఎవరో డబ్బిస్తారు, దానికి తగ్గ పని. ఈ ‘ఎవరో ఇస్తారు’ అన్న ముక్క గుర్తు పెట్టుకోండి. ఈరోజు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కూలి భాషలో ఉన్న ఈ మాటని పైకి లేపి దేవుడి దగ్గర పెట్టింది మధ్యయుగాల చర్చి. మనిషి చేసే మంచి పనులకి దేవుడి దగ్గర ప్రతిఫలం ఉంటుంది, అలా ప్రతిఫలం తెచ్చే పని మెరిటోరియస్ అని మత పండితులు నిర్వచించారు. సుమారు 600 ఏళ్ల కింద ఈ విశేషణం ఇంగ్లిష్‌లో అడుగుపెట్టినప్పుడు దాని అర్థం ఇదే. కాలేజీ కాదు, పతకం కాదు, పరలోకం.

ఇక్కడే లెక్క ముదిరింది. క్రీస్తు, పునీతులు తమ అవసరానికి మించి సంపాదించిన పుణ్యమంతా ఒక ఖజానాలా పోగుపడి ఉంది, ఆ తాళాలు చర్చి చేతిలో ఉన్నాయి అనే సిద్ధాంతాన్ని 1343లో ఆరవ క్లెమెంట్ పోప్ అధికారికంగా ప్రకటించాడు. ఆ ఖజానాలోంచి కొంత తీసి పాపులకి శిక్ష తగ్గించే పత్రాలే ఇండల్జెన్సులు. తర్వాత్తర్వాత వాటికి విరాళాలు, విరాళాలకి ఏజెంట్లు, టార్గెట్లు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి కూడా ఇలాగే డబ్బు సేకరించారు. దీని మీదే 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ తిరగబడ్డాడు. మనిషి పనులు దేవుడి దగ్గర అసలు మెరిటోరియస్ కానే కావు, కృప అన్నది సంపాదించుకునేది కాదు అన్నాడు. 1571లో ఖరారైన ఇంగ్లండ్ చర్చి 39 సూత్రాల్లో కూడా ఇదే మాట ఉంది. మన పనుల వల్ల కాదు, క్రీస్తు యోగ్యత వల్లే మనిషి దేవుడి ముందు నీతిమంతుడవుతాడని.

మతంలో ఎవరి పక్షం ఒప్పు అన్నది ఈరోజు మన టాపిక్ కాదు. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, ప్రతిఫలం దేవుడిదే అయినా, ఎవరికి ఎంత అని రాసిచ్చే కలం ఎవరి చేతిలో ఉంది? గొడవంతా ఆ కలం గురించే.

ఈ మాటకి మన నేల మీద కూడా ఒక చుట్టం ఉంది. బౌద్ధ గ్రంథాలని, శాసనాలని ఇంగ్లిష్‌లోకి మార్చినవాళ్లు ‘పుణ్యం’ అన్న చోట ‘మెరిట్’ అని రాశారు. నాగార్జునకొండ శాసనాలు చూడండి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి అనే ఆవిడ అక్కడి మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలబెట్టించింది. ఆ శాసనంలో తన నిర్వాణం కోరుకుంది, దానితో పాటు పుట్టింటి, మెట్టినింటి వాళ్లకి ఇహపరాల్లో మేలు జరగాలని కూడా కోరుకుంది. అంటే ఆ లెక్కలో పుణ్యం ఒకరు సంపాదించి పదిమందికి పంచగలిగినది. ర్యాంకు అలా పంచలేం కదా. ఒకే ఇంగ్లిష్ మాట కింద ఈ రెండూ ఇరుక్కున్నాయి.

ఇప్పుడు సముద్రం దాటి అమెరికా వెళ్దాం. అప్పటికింకా అది అమెరికా దేశం కాదు, బ్రిటిష్ వలస. అందులో వర్జీనియా. పొగాకు తోటలు, ఆ తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు.

1710లో అక్కడ విల్ అనే బానిసకి శాసనసభ చట్టం చేసి మరీ స్వేచ్ఛ ఇచ్చింది. యజమానికి పరిహారంగా 40 పౌండ్లు కట్టింది. విల్ చేసిన ఘనకార్యం ఏంటి? తోటి బానిసలు తిరుగుబాటుకి ప్లాన్ చేస్తుంటే ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పాడు.

తర్వాత ఇంకో తిరుగుబాటు భయం. దాంతో 1723లో వర్జీనియా ఒక చట్టం చేసింది. ఏ కారణం చేతనైనా సరే, యజమాని తనంతట తను బానిసని వదిలేయడానికి వీల్లేదు. ఒక్క మినహాయింపు ఉంది: ఆ బానిస ‘మెరిటోరియస్’ సేవ ఏదైనా చేసి ఉండాలి. అది మెరిటోరియస్ అవునో కాదో గవర్నరు, ఆయన కౌన్సిలు తేల్చాలి. ఈ దారి తప్పించి ఎవరైనా తన బానిసని విడిచిపెడితే, చర్చి అధికారులు ఆ మనిషిని పట్టుకుని మళ్లీ వేలంలో అమ్మేయొచ్చు. 1741లో నార్త్ కరోలినా కూడా ఇలాంటి చట్టమే చేసింది. అక్కడ తేల్చేది కౌంటీ కోర్టు.

ఒక్క నిమిషం ఆగి దీన్ని ఆలోచించండి. జీవితమంతా ఆ తోటలో ఒళ్లు హూనం చేసుకున్న మనిషి మెరిటోరియస్ కాదు. పదిమంది పిల్లల్ని పెంచి పెద్ద చేసిన దాది మెరిటోరియస్ కాదు. యజమానుల వ్యవస్థకి పనికొచ్చేది ఏదైనా చేస్తే, అదీ వాళ్లు ఒప్పుకుంటే, అప్పుడు మాత్రమే అవుతాడు. తోటివాళ్లని పట్టిస్తే స్వేచ్ఛ. తోటివాళ్లతో కలిసి స్వేచ్ఛ కోసం లేస్తే ఉరి. ఇద్దరిలో ధైర్యం ఎవరిది ఎక్కువ అని మీరూ నేనూ ఇవాళ వాదించుకోవచ్చు. కానీ ఆ విశేషణం ఎవరికి అంటించాలన్నది అప్పట్లో మన చేతిలో లేదు, ఆ బానిసల చేతిలో అంతకన్నా లేదు.

అందరూ అలా పట్టించిన వాళ్లే అనుకోకండి. సౌత్ కరోలినాలో సీజర్ అనే బానిసకి విషానికి, పాముకాటుకి నాటు వైద్యం తెలుసు. 1750లో అక్కడి అసెంబ్లీ ఆయనకి స్వేచ్ఛ, దానితో పాటు జీవితాంతం ఏడాదికి 100 పౌండ్లు ఇచ్చింది. బదులుగా ఆ మందు రహస్యం బయట పెట్టాలి. దాన్ని పత్రికలో అచ్చేశారు కూడా. ఆయన విద్య నిజం, జనానికి జరిగిన మేలు నిజం. కానీ అంత తెలివి ఉన్న మనిషికి స్వేచ్ఛ కావాలంటే తన దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని ఇచ్చేయాల్సి వచ్చింది.

ఇంకా దగ్గరగా అర్థం కావాలంటే జేమ్స్ కథ వినండి. వర్జీనియాలో విలియం ఆర్మిస్టెడ్ అనే ఆయన బానిస. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781లో ఫ్రెంచ్ సేనాని లాఫయెట్ కింద గూఢచారిగా చేరాడు. బ్రిటిష్ సైన్యం శిబిరంలోకి పనివాడిలా వెళ్లి, వాళ్ల కదలికలు ఇవతలికి చేరవేశాడు. ఆ ఏడాది అక్టోబరులో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. జేమ్స్‌కి మాత్రం రాలేదు.

1783లో వర్జీనియా ఒక చట్టం చేసింది. యజమాని బదులు సైన్యంలో చేరి పోరాడిన బానిసలకి విడుదల. జేమ్స్ తుపాకీ పట్టిన సిపాయి కాదు, గూఢచారి. కాబట్టి ఆ చట్టం కిందికి రాడు. 1784లో లాఫయెట్ స్వయంగా సర్టిఫికెట్ రాసిచ్చాడు, ఈయన నాకు ముఖ్యమైన సేవ చేశాడని. ఆ తర్వాత కూడా శాసనసభకి అర్జీ పెట్టుకుని, చివరికి 1787 జనవరిలో గానీ స్వేచ్ఛ రాలేదు. బయటికొచ్చాక ఆయన తన పేరుని జేమ్స్ లాఫయెట్ అని మార్చుకున్నాడు. తనకోసం సంతకం చేసిన మనిషి పేరు అన్నమాట. పని చేసింది 1781లో. అది మెచ్చుకోదగినదని కాగితం ఒప్పుకోవడానికి ఐదేళ్లు దాటింది.

అదే యుద్ధం, అదే మాట, ఇంకో దృశ్యం. 1782 ఆగస్టు 7న న్యూబర్గ్‌లో జార్జ్ వాషింగ్టన్ సైన్యానికి ఒక ఆర్డరు ఇచ్చాడు. ప్రత్యేకంగా మెరిటోరియస్ అనిపించే పని చేసిన సైనికుడు తన ఎడమ రొమ్ము మీద ఊదా రంగు గుడ్డతో కుట్టిన గుండె బొమ్మ పెట్టుకోవచ్చు. యూరప్‌లో పతకాలు దాదాపుగా దొరలకి, పెద్ద ఆఫీసర్లకి వెళ్లేవి. ఇది మామూలు సిపాయిలకి. ఆ కాలానికి అది నిజంగానే కొత్త ఆలోచన. అప్పుడు దాన్ని అందుకున్నట్టు రికార్డుల్లో ఉన్నది ముగ్గురు సార్జెంట్లు. తర్వాత అందరూ మర్చిపోయారు. 1932లో వాషింగ్టన్ 200వ పుట్టినరోజుకి దాన్ని మళ్లీ తెచ్చారు. అదే ఇవాళ్టి ‘పర్పుల్ హార్ట్’. బ్రిటిష్ సైన్యం కూడా 1845లో సార్జెంట్ల కోసం ‘మెరిటోరియస్ సర్వీస్’ మెడల్ పెట్టింది. మన పోలీసు పతకం పేరులో వినిపించేది ఆ పాత సైనిక భాషే.

సో, ఈ మాటకి మంచి ముఖం కూడా ఉంది. పుట్టుకని చూడకుండా పనిని చూడమని అడిగే మాట ఇది. ఈ మాటని పూర్తిగా చెత్తబుట్టలో వేయమని నేను అనట్లేదు.

ఇప్పుడు ఇండియా వద్దాం. దారి కూడా ఆ యుద్ధంలోంచే ఉంది. జేమ్స్ గూఢచారిగా చొరబడింది ఎవరి శిబిరంలోకో తెలుసా? లార్డ్ కార్న్‌వాలిస్ శిబిరంలోకి. మన సోషల్ పుస్తకంలో శాశ్వత శిస్తు విధానం, 1793 అని బట్టీ పట్టామే, ఆ కార్న్‌వాలిసే. యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన ఆయన 1786 సెప్టెంబరులో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. అక్కడ జేమ్స్ అర్జీ ఇంకా తేలలేదు, ఇక్కడ ఈయన కొత్త ఉద్యోగం మొదలైపోయింది. ఈయన హయాంలోనే కంపెనీ పెద్ద పదవుల నుంచి భారతీయుల్ని పక్కకి తప్పించారు.

ఆ పదవులకి ఇంగ్లండ్ నుంచి కుర్రాళ్లు ఎలా వచ్చేవాళ్లు? కంపెనీ డైరెక్టర్ల సిఫారసు మీద. మా చెల్లెలి కొడుకు, మా స్నేహితుడి అల్లుడు, అలా. 1853 చార్టర్ చట్టం ఆ పద్ధతికి తెర దించింది. 1854లో మెకాలే కమిటీ రిపోర్టు ఇచ్చింది. 1855లో లండన్‌లో మొదటి పోటీ పరీక్ష జరిగింది. సిఫారసు పోయి మెరిట్ వచ్చింది. ఇది పెద్ద అడుగే, కాదనలేం.

కానీ ప్రశ్నాపత్రం చూడండి. గ్రీకుకి 750 మార్కులు, లాటిన్‌కి 750. సంస్కృతానికి 375, అరబిక్‌కి 375. పాలించాల్సింది ఇండియాని. పరీక్ష రాయాల్సింది లండన్‌లో. అంటే ఓడ ఖర్చు పెట్టుకుని, సముద్రం దాటితే కులం పోతుందనే ఇంట్లోవాళ్లని ఒప్పించి, అక్కడి కుర్రాళ్లు చిన్నప్పటి నుంచి స్కూల్లో చదివిన భాషల్లో వాళ్లతో పోటీపడాలి. అయినా 1863లో సత్యేంద్రనాథ్ టాగోర్ నెగ్గాడు. 1869లో సురేంద్రనాథ్ బెనర్జీ, రమేశ్ చంద్ర దత్, బిహారీలాల్ గుప్తా ముగ్గురూ నెగ్గారు. మరి గరిష్ఠ వయసు ఏమైంది? మొదట్లో 23. తర్వాత 22, ఆ తర్వాత 21. 1878 నుంచి 19. ఇండియాలో చదువుకుని, అక్కడికెళ్లి ప్రిపేరవ్వాలంటే 19 ఏళ్లు ఎలా సరిపోతాయి? ఈ పరీక్ష ఇండియాలో కూడా పెట్టింది 1922లో, అలహాబాద్‌లో.

పరీక్షలో ఎవరూ కాపీ కొట్టలేదు, మార్కులు ఎవరూ దిద్దలేదు అనే అనుకుందాం. లిస్టు వందకి వంద శాతం నిజాయితీగానే వచ్చింది అనుకుందాం. అయినా ఆ లిస్టు ఎవరి పేర్లతో నిండుతుందో పరీక్ష జరగకముందే సగం తేలిపోయింది. సిలబస్ రాసిన రోజే, ఊరు నిర్ణయించిన రోజే.

ఇదే ప్రశ్న 1951లో మన గడప దాకా వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడ మెడికల్, ఇంజనీరింగ్ సీట్లని కులాలు, మతాల వారీగా పంచే కమ్యూనల్ జీవో నడిచేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడినవాళ్లకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకి కలిపి 1, ముస్లింలకి 1. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది, 15(4) చేరింది. వెనకబడిన వర్గాలకి ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ఆ రోజు మొదలైన వాదన మీ హాస్టల్ రూముల్లో ఇంకా నడుస్తూనే ఉంది, నాకు తెలుసు.

ఆ వాదనలో అందరూ వాడే ఇంకో మాట ‘మెరిటోక్రసీ’. ఆ మాటకి పేరు తెచ్చింది మైకెల్ యంగ్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, 1958లో రాసిన పుస్తకంతో. అది మెరిటోక్రసీని పొగిడే పుస్తకం కాదు, వెటకారం. 2034లో నిలబడి వెనక్కి చూస్తున్నట్టు రాశాడు. తెలివి, కష్టం కలిపి కొలిచి, నెగ్గినవాళ్లే పాలించే సమాజం. నెగ్గినవాళ్లకి తమ స్థానం పూర్తిగా తమ హక్కే అనిపిస్తుంది. ఓడినవాళ్లకి తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగలరు, తమని తాము తప్ప. చివరికి తిరుగుబాటు వస్తుంది. జనం మాత్రం వెటకారం వదిలేసి మాటని సీరియస్‌గా తీసుకున్నారు. 2001లో ఆయన పేపర్లో వ్యాసం రాసి, ప్రధాని టోనీ బ్లెయిర్‌ని ఆ మాట వాడటం ఆపమని అడగాల్సి వచ్చింది.

మన దగ్గర ఈ విశేషణం ఏం చేసిందో చూపించడానికి ఒక ఉదాహరణ చాలు. సర్వీసు చట్టాల్లో ‘మెరిటోరియస్ రిజర్వుడ్ క్యాండిడేట్’ అనే పదం ఉంది. రిజర్వేషన్ ఉన్న అభ్యర్థి ఏ సడలింపూ వాడుకోకుండా జనరల్ కటాఫ్ దాటితే వాళ్లని అలా అంటారు. సివిల్స్‌లో వీళ్ల లెక్క ఎలా వేయాలన్న దాని మీద 2010లో రమేశ్ రామ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు కూడా ఇచ్చింది. లెక్క కోసం ఆ పేరు అవసరమే. కానీ చెవికి ఎలా వినిపిస్తోంది? ‘రిజర్వుడ్’ ముందు ‘మెరిటోరియస్’ అని ప్రత్యేకంగా చెప్పాలంటే, చెప్పకపోతే ఏమని అనుకోవాలి?

స్కాలర్‌షిప్ నోటిఫికేషన్లలో ఇంకో పాత ముక్క ఉంటుంది: ‘పూర్ బట్ మెరిటోరియస్’. పేదవాడు, కానీ మెరిట్ ఉన్నవాడు. ఆ ‘కానీ’ ఎందుకు? పేదరికానికీ తెలివికీ పడదు అని ముందే ఒప్పుకుంటేనే కదా ఆ ‘కానీ’ అవసరం. ఇంత చిన్న పదం, ఎంత పెద్ద తీర్పు చెప్పేస్తుందో చూడండి.

2022 జనవరిలో నీట్ కోటా మీద నీల్ ఆరేలియో నూన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే పట్టుకుంది. పరీక్షలో వచ్చిన మార్కులు మాత్రమే మెరిట్ కాదు, కొందరికి ఇంట్లోంచి, చుట్టుపక్కల నుంచి వచ్చిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక బలం ఆ మార్కుల్లో కనిపించదు అని చెప్పింది.

ఇందాకటి నుంచి చెప్పిన వాడుకలన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. చర్చి దగ్గర మెరిటోరియస్ అయింది పని. వర్జీనియా చట్టంలో సేవ. వాషింగ్టన్ ఆర్డరులో కూడా ఒక చర్య. కోర్టులో వాదన. మన దగ్గరికి వచ్చేసరికి అది మనిషికి అంటుకుంది. మెరిటోరియస్ స్టూడెంట్. ఇది పెద్ద తేడా అండీ. పని మెరిటోరియస్ అంటే రేపు ఇంకో పని చేయొచ్చు. మనిషే మెరిటోరియస్ అంటే, లిస్టులో లేని మనిషి ఏమైనట్టు?

తెలుగులో దీనికి ‘ప్రతిభ’ అని వాడుతున్నాం. ప్రతిభావంతులు, ప్రతిభా పురస్కారాలు. అలంకార శాస్త్రంలో ప్రతిభ అంటే ఇదివరకు లేనిదాన్ని కొత్తగా మెరిపించే శక్తి. దాన్ని తీసుకొచ్చి ఓఎమ్మార్ షీటు మీద కూర్చోబెట్టాం.

దీని ఖరీదు ఎంతో మనం చూశాం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో 99 వస్తే మొదట 0 వేశారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లు ప్రభుత్వం మళ్లీ చూడాల్సి వచ్చింది. ఈ లోపే కొందరు పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఆ అమ్మాయి రాసిన పేపర్ అదే. 0 వేసిన రోజూ అదే, 99 వేసిన రోజూ అదే. మారింది తూచినవాళ్ల లెక్క. వాళ్లూ తప్పు చేయగలరు అని ఆ పిల్లలకి గట్టిగా చెప్పేవాళ్లు ఆ రోజు పక్కన ఉండాల్సింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒకతను ఉండేవాడు. రాత్రి 2 గంటలకి సర్వర్ పడిపోతే లేచి సరిచేసి, పొద్దున ఏమీ జరగనట్టు కూర్చునేవాడు. అప్రైజల్లో అతనికి ఎప్పుడూ మామూలు రేటింగే. పడిపోని సర్వర్‌కి చప్పట్లు ఉండవు కదా. అతను లిస్టులో లేడు, పని మాత్రం నడిచింది.

వాడుక గురించి ఒక టిప్ కూడా చెప్పేస్తా. రెజ్యూమెలో ‘ఐ యామ్ ఎ మెరిటోరియస్ స్టూడెంట్’ అని రాయకండి. నీ గురించి నువ్వు చెప్పుకునే మాట కాదిది, అవతలివాళ్లు తూచి ఇచ్చే మాట. ఏం చేశావో అది రాయి, చాలు. వేరేవాళ్ల పనిని మెచ్చుకోవాలంటే ‘కమెండబుల్’ సరిపోతుంది. ‘మెరిటోరియస్’ని పతకాలకి, అధికారిక కాగితాలకి వదిలేయండి.

ఇకమీదట ఈ మాట ఎక్కడ కనబడినా మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు తూచారు? దేంతో తూచారు? ఆ తూకం వల్ల ఎవరికి లాభం? జవాబులు బాగుంటే సంతోషంగా చప్పట్లు కొడదాం. చాలాసార్లు బాగానే ఉంటాయి కూడా. బాగోకపోతే మాత్రం, గవర్నరు, ఆయన కౌన్సిలు సంతకం పెట్టలేదని ఆ తోటల్లో బతికి పోయినవాళ్లు ఎంతమందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వాళ్లలో ఎవరూ తక్కువవాళ్లు కాదు.

ఇంట్లో తమ్ముడో చెల్లో రిజల్ట్స్ కోసం ఎదురుచూస్తుంటే, ఆ లిస్టు రాకముందే ఈ ఎపిసోడ్ వాళ్లకి చూపించండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటానండీ, బై.